కలిమా పలికిన నోరు సాక్ష్యం దాచరాదు



ప్రియ సోదర సోదరీమణులారా! ఒక మనిషి ఇస్లాంలో ప్రవేశించే ద్వారం ఏమిటి? కలిమా షహాదత్. షహాదత్ అంటే సాక్ష్యం. అరబీ భాషలో న్యాయస్థానంలో చెప్పే సాక్ష్యానికి కూడా ఇదే మాట. మనం ఉర్దూలో గవాహీ అంటాం. రోజుకు ఐదుసార్లు అజాన్‌లో ముఅజ్జిన్ ఈ సాక్ష్యమే ఇస్తున్నాడు. ప్రతి నమాజులో కూర్చుని, వేలు ఎత్తి, మనమూ ఈ సాక్ష్యమే ఇస్తున్నాం. అంటే ముస్లిం అయినవాడు మొట్టమొదట ఒక సాక్షి.

మరి మస్జిద్‌లో అల్లాహ్ ఏకత్వానికి సాక్ష్యం ఇచ్చిన నోరు, వీధిలో ఒక బలహీనుడి మీద బలవంతుడు చెయ్యి చేసుకున్నప్పుడు ‘నేను చూడలేదు’ అనవచ్చునా? ఈ ప్రశ్నను మేము గాలిలో వేయడం లేదు. మన ఒంగోలు ప్రాంతపు నేల మీదే జరిగిన ఒక సంగతిని ముందుంచుకుని అడుగుతున్నాము.

నీళ్ల దగ్గర మొదలైన నెత్తురు

చీరాల పక్కన కారంచేడు అనే ఊరు ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలను విభజించే వరకు మన ప్రకాశం జిల్లాలోదే. 1985 జూలై 16 సాయంత్రం, మాదిగపల్లె వారు తాగే మంచినీటి చెరువు దగ్గర, ఆధిపత్య కులానికి చెందిన యువకులు గేదెలకు కుడితి పెట్టిన బకెట్టును కడిగి మురికిని నీళ్లలోకి వదిలారు. ఇదేమిటని ఒక దళిత యువకుడు అడిగాడు. అతణ్ని కొట్టబోతే, నీళ్లకొచ్చిన ఒక మహిళ అడ్డుపడి, తన మీదికి వచ్చినవారిపై చేతిలోని బిందె ఎత్తింది. జరిగింది ఇంతే.

మరుసటి రోజు, జూలై 17 ఉదయం, ఆయుధాలు పట్టుకున్న గుంపు మాదిగపల్లె మీద పడింది. పారిపోతున్నవారిని పొలాల్లో తరిమి తరిమి కొట్టారు. ఆరుగురు దళితులు హతులయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ప్రాణాలతో మిగిలినవారు ఇళ్లూ వాకిళ్లూ వదిలి చీరాల చేరుకున్నారు. చాలా కుటుంబాలు మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు.

ఆ ఊరి పెద్ద కుటుంబాలలో ఒకదానికి అప్పటి రాష్ట్ర అధికార పక్షంతో దగ్గరి బంధుత్వం ఉంది. పొలం వారిది, పని వారిది, పలుకుబడి వారిది. దెబ్బ తిన్నవారికి ఉన్నదల్లా తాము చూసినది చెప్పగల నోరు మాత్రమే. ఆ నోటినే వారు వాడారు. చీరాల శిబిరం నుంచి పుట్టిన కదలికే 1985 సెప్టెంబరులో దళిత మహాసభగా రూపుదిద్దుకుంది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దాని ముందు వరుసలో నిలిచారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న తారకం, ఈ ఘటనకు నిరసనగా ఆ పదవినే వదులుకున్నారు.

నీటికి కులం లేదు

సోదరులారా! ఈ కథంతా ఒక బిందెడు మంచినీళ్ల దగ్గర మొదలైందని గమనించండి. నీటి విషయంలో మన ధర్మం ఏమంటున్నది? నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలందరికీ భాగం ఉందని దైవప్రవక్త (స) బోధించారు. తన అవసరానికి మించిన నీరు దగ్గర ఉంచుకుని బాటసారికి ఇవ్వనివాడివైపు ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని హెచ్చరించారు.

ముస్లింలు మదీనా చేరిన కొత్తలో అక్కడ మంచినీటి కొరత ఉండేది. రూమా బావి నీరు బాగుండేది గాని, దాని యజమాని డబ్బుకు అమ్మేవాడు. పేదవాడు గొంతు తడుపుకోవాలన్నా చేతిలో పైకం ఉండాలి. ఈ బావిని కొని, తన బొక్కెనను కూడా మిగతా వారి బొక్కెనలతో సమానంగా ఉంచేవాడికి స్వర్గం ఉందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని కొని వక్ఫ్ చేశారు. ఇక్కడ ఒక్క మాట మీద మనసు నిలపండి. బావి కొని దానం చేయమనడంతో ఆగలేదు. కొన్నవాడి బొక్కెన కూడా పేదవాడి బొక్కెన పక్కనే దిగాలన్నారు. సొమ్ము పెట్టినవాడికి ప్రత్యేకమైన మెట్టు లేదు, ప్రత్యేకమైన గట్టు లేదు.

ఈ ధర్మాన్ని నమ్మిన మనం, ఇంకొకరి మంచినీటిలో కుడితి బకెట్టు కడగడాన్ని చిన్న తగాదా అని ఎలా అనగలం?

చట్టం ఉంది, సాక్షి కావాలి

కారంచేడు లాంటి ఘోరాల తర్వాత, 1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం ఏనాడో నిషేధించింది. కాగితం మీద న్యాయానికి కొరత లేదు. కాని ఆ న్యాయం బాధితుడి ఇంటి దాకా నడవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. కారంచేడు కేసులో కింది కోర్టు శిక్షలు వేసింది. హైకోర్టు కొట్టివేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష, మరో 29 మందికి మూడేళ్ల చొప్పున శిక్ష ఖరారు చేసింది. 1985 నుంచి 2008 దాకా 23 ఏళ్లు. నాడు తల్లి చంకలో ఉన్న బిడ్డ పెరిగి, పెళ్లి చేసుకుని, తానూ బిడ్డను ఎత్తుకునేంత కాలం.

ఆ తర్వాత అప్పటి గుంటూరు జిల్లా చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో మూటగట్టి కాలువల్లో పడేశారు. ఆ కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వారందరినీ విడిచిపెట్టింది. సాక్షుల వాంగ్మూలాలు ఆలస్యంగా నమోదు కావడం, ఎవరిని ఎక్కడ ఎవరు చంపారన్నది సందేహానికి తావు లేకుండా తేలకపోవడం అందుకు చూపిన కారణాల్లో ముఖ్యమైనవి. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

ఈ రెండు కేసులు మనకు ఒకే పాఠం చెబుతున్నాయి. ప్రభుత్వం చట్టం చేయగలదు, కోర్టు కట్టగలదు, జడ్జిని కూర్చోబెట్టగలదు. కాని చూసినవాడు వచ్చి, వెంటనే వచ్చి, ఉన్నది ఉన్నట్లు చెప్పకపోతే ఆ చట్టం ప్రాణం లేని శరీరం. ఊరంతా చూసిన నేరానికి ఊళ్లో సాక్షి దొరకకపోవడం కంటే పెద్ద జుల్మ్ ఏముంటుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. న్యాయం ఆలస్యమైతే పగ ముందుకొస్తుంది. 1989లో నక్సలైట్లు కారంచేడు పెద్ద ఒకరిని కాల్చి చంపారు. కొందరు దాన్ని న్యాయం అన్నారు. మన షరీఅత్ అలా అనదు. నేరం తేల్చే అధికారం ఖాజీది, తుపాకి పట్టినవాడిది కాదు. ఒక జాతి మీద ఉన్న కోపం కూడా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని మాయిదా సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. కొందరు చేసిన దారుణానికి ఆ కులంలో పుట్టిన ప్రతివాణ్నీ ద్వేషించడం కూడా ఈ ఆజ్ఞకు విరుద్ధమే. కనుక పగకు విరుగుడు మౌనం కాదు, సకాలంలో చెప్పిన సాక్ష్యం.

మదీనాలో పోయిన కవచం

నిసా సూరా 105వ ఆయత్ నుంచి కొన్ని ఆయత్‌లు అవతరించిన సందర్భంగా వ్యాఖ్యాతలు ఒక సంఘటన చెబుతారు. మదీనాలో బనూ జఫర్ అనే తెగకు చెందిన తుఅమా అనే వ్యక్తి ఒక కవచం దొంగిలించాడు. పట్టుబడతానని భయపడి దాన్ని ఒక యూదుడి ఇంట్లో ఉంచి, నింద అతనిమీదికి నెట్టాడు. తుఅమా తెగవారు మనవాడి పరువు పోకూడదని ఒక్కటయ్యారు. ప్రవక్త (స) వారి సన్నిధికి వచ్చి అతని తరఫున గట్టిగా వాదించారు. చూడబోతే వీళ్లు ముస్లింలు, బలగం ఉన్నవారు. అవతలివాడు యూదుడు, ఒంటరివాడు. పైగా ఆ రోజుల్లో యూదులకూ ముస్లింలకూ మధ్య రాజకీయంగా ఉద్రిక్తత ఉంది.

అప్పుడు ఏం జరిగింది? ఆకాశం నుంచి వహీ దిగింది. ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరించింది. తాను చేసిన పాపాన్ని నిరపరాధి మీద రుద్దేవాడు ఎంత పెద్ద బరువు నెత్తికెత్తుకుంటున్నాడో చెప్పింది. యూదుడు నిర్దోషిగా బయటపడ్డాడు. ప్రళయం దాకా పారాయణ చేయబడే గ్రంథంలో, ముస్లిం సమాజంలో భాగం కాని ఒక సామాన్యుడి నిర్దోషిత్వం నమోదైంది. మనవాడు అన్న మాటకు న్యాయం ముందు విలువ లేదని అల్లాహ్ స్వయంగా తీర్పు చెప్పాడు.

అదే సూరా 135వ ఆయత్‌లో, సాక్ష్యం మీకే వ్యతిరేకంగా ఉన్నా, మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకంగా ఉన్నా అల్లాహ్ కోసం నిలబడి చెప్పండనీ, ఎదుటివాడు ధనవంతుడా పేదవాడా అని చూడవద్దనీ ఆదేశం ఉంది. బఖరా సూరాలో, సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపపంకిలమైందని చెప్పబడింది. నాలుక పాపం అనలేదు, హృదయం పాపం అన్నారు. దాచిపెట్టిన సాక్ష్యం లోపల కుళ్లిపోతుంది కాబట్టి.

‘వాళ్లు మన కౌమ్ కాదు కదా!’

కొందరు సోదరులు అంటారు: ‘మౌలానా! మనకే దిక్కు లేదు, మన కష్టాలే మనకు చాలు, వాళ్ల గొడవ మనకెందుకు?’ ఈ మాటకు జవాబు ప్రవక్త (స) వారి యవ్వనంలోనే ఉంది. యెమన్ నుంచి ఒక వర్తకుడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఖురైష్ ప్రముఖుడు ఆస్ బిన్ వాయిల్ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. వర్తకుడు పరాయి ఊరివాడు, అండ లేనివాడు. కొండెక్కి మొరపెట్టుకున్నాడు. అప్పుడు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కొన్ని తెగలవారు కూడి, మజ్లూమ్ ఎవరైనా సరే, హక్కు దక్కేదాకా అతని వెంట నిలుస్తామని ప్రమాణం చేశారు. దానికి హిల్ఫుల్ ఫుజూల్ అని పేరు. ప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. అప్పటికి నుబువ్వత్ రాలేదు, ఒప్పందం చేసుకున్నవారు ముస్లింలు కారు, సహాయం పొందినవాడూ ముస్లిం కాడు. అయినా, ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళ్తానని ఆయన చెప్పారు. ఇక కౌమ్ కాదన్న సాకు ఎక్కడ నిలుస్తుంది?

మన కష్టాల సంగతే చూద్దాం. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. ఆ పేలుడులోను, తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లోను ప్రాణాలు పోయాయి. ఆపైన ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిపై మోపిన ఆరోపణలు తర్వాత కోర్టులో నిలవలేదు. ఆ పిల్లలను హింసించారన్న సంగతి మొదట అధికారికంగా కాగితం మీదికి ఎలా వచ్చింది? రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ జైలుకు వెళ్లి, వారిని కలిసి, చూసింది చూసినట్లు నివేదిక రాశారు. ఆయన ముస్లిం కాదు. మన పిల్లల కోసం ఒక ముస్లిమేతరుడు గవాహీ ఇచ్చిన ఈ నేలపై, ముస్లిమేతర పేదవాడి కోసం గవాహీ ఇవ్వడానికి మనం కౌమ్ లెక్క చూడటం ఎంత సిగ్గుచేటు!

మన ఇంట్లో ఉన్న అజ్ఞానం

ఇక మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. ఈ పత్తి నేలల్లో దూది ఏకే వృత్తి చేసిన మన నూర్‌బాషా సోదరులను, దూదేకులవాడంటూ తేలికచేసి మాట్లాడే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నమాజు చేసినవారే, నికాహ్ మాట వచ్చేసరికి ‘వాళ్లా?’ అంటారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజామ్‌లు, ముస్లిం ధోబీలు అంటూ వెనుకబడిన వర్గాల పేర్లు 2007 నాటి రిజర్వేషన్ చట్టంలోనే ఉన్నాయి. దూదేకుల వారు అంతకు ముందు నుంచే బీసీ జాబితాలో ఉన్నారు. వృత్తి పేరు మీద వెనుకబాటు మనలోనూ ఉందని సర్కారు కాగితాలే చెబుతున్నాయి.

సహాబీ అబూజర్ (రజి) ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి కించపరిచారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని ఉల్లేఖకులు చెబుతారు. నీలో ఇంకా జాహిలియ్యత్ మిగిలి ఉందని ప్రవక్త (స) అబూజర్‌ను ముఖం మీదనే మందలించారు. అంతటి సహాబీనే అలా మందలించినప్పుడు మన సంగతేమిటి? మక్కా విజయం నాడు కాబా కప్పు మీద అజాన్ ఇవ్వడానికి ఎక్కింది ఆ బిలాలే (రజి). ఇంట్లో నూర్‌బాషా కోడలిని చిన్నచూపు చూసేవాడు, వీధిలో మాదిగపల్లె కోసం న్యాయం మాట్లాడితే ఆ మాటకు బరువు ఉండదు. సాక్ష్యం ఇంటి నుంచే మొదలు కావాలి.

భయానికి జవాబు

‘చెప్పడం తేలికే, మౌలానా! ఊళ్లో మనవి పది గడపలు. వాళ్ల పొలాల్లో మిరపకాయ కోతకు వెళ్తాం, వాళ్ల బేరన్ల దగ్గర పొగాకు పనికి వెళ్తాం, వాళ్లు ఇచ్చిన అద్దె కొట్లో పంక్చర్లు వేసుకుంటాం. సాక్ష్యం చెబితే రేపు పొయ్యి వెలుగుతుందా?’ ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇది నిజమైన భయం. షరీఅత్ కూడా మనిషి శక్తిని చూస్తుంది. చెడును చేతితో ఆపాలి, చేతకాకపోతే నోటితో, అదీ చేతకాకపోతే మనసులో అసహ్యించుకోవాలి. చివరిది విశ్వాసపు అట్టడుగు మెట్టు. అయితే పది గడపలు కలిస్తే చేతనయ్యే పనిని ఒక్కో గడప విడివిడిగా చేతకాదని చెప్పడం కుదరదు.

కనుక భారాన్ని ఒంటరి సాక్షి నెత్తిన వదిలేయకండి. సాక్ష్యం చెప్పిన కూలీకి పని పోతే, మస్జిద్ కమిటీ, బైతుల్‌మాల్ అతని ఇంటి పొయ్యి సంగతి చూడాలి. కోర్టు వాయిదాకు అతని వెంట నలుగురు వెళ్లాలి. ఒంటరిగా మెట్లెక్కే మనిషి తడబడతాడు, జమాఅత్ వెంట ఉన్నవాడు తడబడడు.

చట్టం కూడా కొంత అండ ఇస్తున్నది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, 2016 జనవరి నుంచి బాధితులకూ సాక్షులకూ హక్కులు కల్పించింది. రక్షణ, ప్రయాణ ఖర్చులు, అవసరమైతే వేరే చోట నివాసం అందులో ఉన్నాయి. విధిలో నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆ చట్టంలోనే శిక్ష ఉంది. 2018లో సుప్రీంకోర్టు దేశమంతటికీ సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ఎస్సీ, ఎస్టీలకూ, స్త్రీలకూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరు సహాయం దొరుకుతుంది. ఈ సంగతులు చదువుకున్న మన పిల్లలు తెలుసుకుని, చదువు రాని పొరుగువాడికి చెప్పడం కూడా ఇబాదతే.

ఎక్కడైనా దాడి జరిగితే ముందు గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చండి. చూసినది ఆ రోజే చెప్పండి. చూడనిది చేర్చకండి. ఎందుకంటే అబద్ధ సాక్ష్యం మహాపాపం. దాని గురించి చెప్పేటప్పుడు, ఆనుకుని కూర్చున్న ప్రవక్త (స) లేచి కూర్చుని, ఆ మాటనే పదే పదే చెప్పారని హదీసులో ఉంది. రాజీ పేరుతో డబ్బు మూట తెచ్చి మాట మార్చమంటే, అది మీ కలిమాకు కడుతున్న వెల అని గుర్తించండి.

సోదర సోదరీమణులారా! రేపు ప్రళయదినాన మన నోళ్లకు ముద్ర పడుతుంది. చేతులు మాట్లాడతాయి, కాళ్లు సాక్ష్యమిస్తాయి. చూసిన కళ్లు, విన్న చెవులు, నడిచిన చర్మం కూడా దాచకుండా చెబుతాయి. ఇక్కడ దాచిన సాక్ష్యం అక్కడ మనమీదే సాక్ష్యంగా నిలుస్తుంది. మజ్లూమ్ మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదు. ఆ మజ్లూమ్ కలిమా చదివినవాడా కాదా అన్న షరతు కూడా లేదు.

యా అల్లాహ్! మా నాలుకలకు సత్యం పలికే ధైర్యాన్ని, మా జమాఅత్‌లకు సాక్షి వెంట నిలిచే ఐకమత్యాన్ని ప్రసాదించు. మా ఇళ్లలోని అహంకారాన్ని కడిగివేయి. కారంచేడులో, చుండూరులో, మక్కా మస్జిద్‌లో తమవారిని పోగొట్టుకున్న తల్లుల కళ్ల ముందు న్యాయాన్ని నిలబెట్టు. మా నేల మీద ఏ చెరువు నీళ్లూ మళ్లీ నెత్తురుతో ఎరుపెక్కకుండా కాపాడు. ఆమీన్.